లారీ కేసు, గ్యాసు కేసు: రెండు దేశాల తీర్పుల పనితనం

1925 ఏప్రిల్ 22న ఫ్రాన్స్‌లో ఒక లారీ చిన్నపిల్లను గుద్ది గాయపరిచింది. లారీ బెల్‌ఫోర్ పట్టణంలోని ఒక పెద్ద దుకాణం వారిది. అరవై ఏళ్ల తర్వాత, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలో శ్రీరామ్ సంస్థ రసాయనాల కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకై చుట్టుపక్కల జనం మీదికి వచ్చింది. పైకి చూస్తే ఈ రెంటికీ పొంతన లేదు. కానీ రెండూ తమ తమ దేశాల అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరి తప్పు వల్ల జరిగిందో దెబ్బతిన్నవాళ్లు రుజువు చెయ్యలేనప్పుడు ఆ నష్టం ఎవరు భరించాలి? రెండు కోర్టులూ చెప్పిన జవాబు కూడా దాదాపు ఒకటే. ప్రమాదం తెచ్చిపెట్టిన వస్తువు ఎవరి అధీనంలో ఉందో, అది ఎవరి వ్యాపారంలో భాగమో, వాళ్లే భరించాలి.

జవాబు దగ్గర ఇంత దగ్గరగా వచ్చిన ఈ రెండు తీర్పులు కట్టుబడిలో మాత్రం ఒకదానికొకటి ఆమడ దూరం. లారీ కేసులో 1930 ఫిబ్రవరి 13న పారిస్‌లో వెలువడిన జాందర్ తీర్పు ఒక చిన్న కాగితంలో ఇమిడిపోతుంది. గ్యాసు కేసులో 1986 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఎం.సి. మెహతా తీర్పు పదుల పేజీలు. ఒకదాంట్లో రాసినవారి పేరు లేదు, గొంతు లేదు, ఒక్క విశేషణం లేదు. రెండోదాంట్లో న్యాయమూర్తి మనతో మాట్లాడతాడు, వాదిస్తాడు, ఒకచోట తనకు సమయం చాలలేదని కూడా చెప్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నిదానంగా చదివితే, తీర్పు రాయడం ఎంత గొప్ప చేతిపనో, ఆ చేతిని దేశ చరిత్ర ఎలా తీర్చిదిద్దుతుందో తెలిసివస్తుంది.

ఫ్రాన్స్‌లో సివిల్, క్రిమినల్ వ్యాజ్యాలకు ఆఖరి మెట్టు కాసేషన్ కోర్టు. పారిస్ నడిబొడ్డున సేన్ నది మధ్య దీవిలోని న్యాయసౌధంలో ఉంటుంది. ప్రభుత్వంతో తగాదాలకు, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చడానికి అక్కడ వేరే సంస్థలున్నాయి. మన సుప్రీంకోర్టు ఈ పనులన్నీ తానే చేస్తుంది. కాసేషన్ కోర్టు సాక్ష్యాలను మళ్లీ తూకం వెయ్యదు. కింది కోర్టు తేల్చిన వాస్తవాలను అలాగే తీసుకుని, వాటికి చట్టాన్ని సరిగా వర్తింపజేశారా లేదా అన్నంతవరకే చూస్తుంది. సరిగా ఉంటే అప్పీలు తోసిపుచ్చుతుంది. లేకుంటే కింది తీర్పును రద్దు చేసి, సాధారణంగా అదే స్థాయిలోని మరో కోర్టుకు కేసును పంపుతుంది.

2019 వరకు ఈ కోర్టు తీర్పులు వ్యాకరణరీత్యా ఒకే వాక్యంగా ఉండేవి. మొదట్లో ‘కోర్టు’ అనే కర్త, చివర్లో ‘రద్దు చేస్తోంది’ లేదా ‘తోసిపుచ్చుతోంది’ అనే క్రియ. ఆ రెంటి మధ్య ‘అయినందున’, ‘అయినందున’ అంటూ సాగే ఉపవాక్యాల వరస. ఈ నిర్మాణం తెలుగువాళ్లకు మరీ కొత్తదేం కాదు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజు లేఖరులు రాసే క్రయ దస్తావేజు చూడండి. ‘రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా’ అని ఎత్తుకుంటుంది. ఆస్తి ఎలా సంక్రమించిందో, సొమ్ము ఎలా ముట్టిందో, హద్దులేమిటో ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయి, ‘సమ్మతించి రాసి ఇచ్చినది’ అన్నచోట గానీ ఆగదు. మధ్యలో ఏ ముక్క విడిగా లాగినా దానికి నిలకడ ఉండదు. ఫ్రెంచ్ తీర్పు బిగువు కూడా ఆ జాతిదే, ఇంకా పొదుపుగా.

జాందర్ తీర్పులోని పొదుపు అర్థం కావాలంటే ముందు దాని వెనకున్న చట్టం తెలియాలి. 1804 నాటి ఫ్రెంచ్ సివిల్ కోడ్ 1382వ అధికరణం ప్రకారం, తప్పు చేసి ఇతరులకు నష్టం కలిగించినవాడు దాన్ని పూడ్చాలి. తప్పును రుజువు చెయ్యాల్సింది నష్టపోయినవాడు. 1384వ అధికరణం మొదటి పేరా, మన అధీనంలో ఉన్న వస్తువుల వల్ల జరిగే నష్టానికీ బాధ్యత మనదే అంటుంది. కోడ్ రాసినవాళ్లకు అది వెనకాల రాబోయే నియమాలకు ముందుమాట మాత్రమే: పిల్లల పనులకు తల్లిదండ్రులు, పనివాళ్ల పనులకు యజమానులు, పశువులకు వాటిని పెంచేవాళ్లు, కూలిన కట్టడాలకు వాటి సొంతదారులు బాధ్యులనే నియమాలకు. తొంభై ఏళ్లపాటు ఆ ముందుమాటకు విడిగా బలముందని కాసేషన్ కోర్టు అనలేదు. తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి. బాయిలర్లు పేలి కూలీలు చనిపోతుంటే ఎవరి తప్పో చెప్పగలిగేవాళ్లు లేకపోయారు. 1896లో ఒక టగ్ పడవ మీద పేలుడులో మెకానిక్ మరణించిన టెఫెన్ కేసులో కాసేషన్ కోర్టు ఆ పాత పేరాలో ఒక సొంత నియమాన్ని చదివింది. వస్తువు నీ అధీనంలో ఉంది కాబట్టి జవాబుదారీ నీదే.

మరి లారీ సంగతి? బాయిలర్ దానంతటది పేలుతుంది, లారీని మనిషి నడుపుతాడు. బెజాన్సన్ అప్పీలు కోర్టు ఈ తేడానే పట్టుకుంది. మనిషి చేతిలో కదులుతున్న బండి చేసిన నష్టం వస్తువు చేసిన నష్టం కాదు, మనిషి చేసిందే. కాబట్టి డ్రైవరు తప్పును పిల్ల తరఫువాళ్లే రుజువు చెయ్యాలంది. 1927లో కాసేషన్ కోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసును లియోన్‌కు పంపింది. లియోన్ కోర్టు తల వంచలేదు, బెజాన్సన్ మాటే మళ్లీ చెప్పింది. కేసు రెండోసారి పారిస్‌కు వచ్చింది. ఈసారి అన్ని విభాగాల న్యాయమూర్తులూ కలిసి కూర్చున్నారు.

వాళ్లు కట్టిన వాక్యం ఇలా నడుస్తుంది. మొదట, ఏ అధికరణం కింద తీర్పు చెబుతున్నారో దాని సంఖ్య, అంతే. ఆ వెంటనే నియమం. ఇంకా మనకు లారీ గురించి తెలియదు, పిల్ల గురించి తెలియదు, ఊరు తెలియదు. నియమం ఒంటరిగా నిలబడి ఉంటుంది: తన అధీనంలోని నిర్జీవ వస్తువు ఇతరులకు నష్టం చేస్తే ఈ అధికరణం ఆ వ్యక్తిని బాధ్యుడిగా తలుస్తుంది, ఊహించని విపత్తో, ఎదురులేని శక్తో, తనకు అంటని బయటి కారణమో రుజువు చేస్తే తప్ప ఆ తలంపు పోదు, నేను ఏ తప్పూ చెయ్యలేదని చూపడం చాలదు, ప్రమాదానికి కారణం తెలియలేదనడమూ చాలదు.

ఇందులో ఒక మార్పు ఉంది, పైపైన చదివితే కంటికి కనపడదు. అంతకుముందు తీర్పుల్లో కోర్టు ‘తప్పు ఉన్నట్టు తలంపు’ అనేది. తప్పు ఉందని తలిస్తే, తప్పు లేదని రుజువు చేసి బయటపడొచ్చు. జాందర్ తీర్పు ‘బాధ్యత ఉన్నట్టు తలంపు’ అంది. ఆ ఒక్క మాట మారడంతో దుకాణం వాళ్ల లాయరు తెచ్చుకున్న సరంజామా అంతా, డ్రైవరు జాగ్రత్తగానే నడిపాడన్న సాక్ష్యాలతో సహా, పనికిరాకుండా పోయింది. మాట మారుస్తున్నామని కోర్టు ఎక్కడా చెప్పలేదు. పాత మాట ఎందుకు సరిపోలేదో చెప్పలేదు. రాయి తీసి రాయి పెట్టి ముందుకెళ్లిపోయింది.

నియమం తర్వాత వాస్తవాలు. తేదీ, లారీ ఎవరిది, అది ఒక మైనర్ బాలికను పడగొట్టి గాయపరిచిందన్న ముక్క. ఒక్క ఉపవాక్యంలో ఐపోతుంది. పిల్ల వయసు లేదు, గాయాల వర్ణన లేదు, అయ్యో అన్న మాట లేదు. ఆ వెంటనే లియోన్ కోర్టు ఏమందో. ఇక్కడ నాకు ఈ తీర్పు మీద గౌరవం రెట్టింపవుతుంది. తాము కొట్టిపారెయ్యబోతున్న వాదాన్ని దాని పూర్తి బలంతో, ఒక్క పుల్ల కూడా విరవకుండా చెప్తారు. కదిలే బండి వెనక మనిషి ఉన్నాడు. బండిలో లోపమున్నట్టు రుజువు లేదు. కాబట్టి తప్పును బాధితురాలే చూపాలి. చదువుతుంటే ఒక క్షణం మనకూ నిజమేననిపిస్తుంది.

అప్పుడు వాక్యం మలుపు తిరుగుతుంది. కానీ చట్టం, వస్తువును మనిషి చెయ్యి కదిపిందా లేదా అన్న తేడా చూడదు. వస్తువులో స్వతహాగా లోపం ఉండాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే అధికరణం బాధ్యతను ముడిపెట్టింది వస్తువును అధీనంలో ఉంచుకోవడానికి, వస్తువుకు కాదు. తీర్పులో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబంటూ ఉంటే ఈ ఒక్క ముక్కే. బెజాన్సన్, లియోన్ కోర్టులు లారీని పరిశీలించాయి: ఎలా కదిలింది, లోపముందా అని. కాసేషన్ కోర్టు లారీ మీది నుంచి చూపు తిప్పి లారీ తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడమంది. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. కింది కోర్టు రుజువు భారాన్ని తలకిందులు చేసి చట్టాన్ని ఉల్లంఘించింది కాబట్టి దాని తీర్పు రద్దు, కేసు దీజోన్‌కు.

ఇంత ముఖ్యమైన తీర్పులో లేనివి లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. 1896 నాటి టెఫెన్ కేసు ప్రస్తావన లేదు. 1927లో తాము ఇదే కేసులో ఇచ్చిన తీర్పును తర్కానికి వాడుకోలేదు. రోడ్ల మీద మోటారు బళ్లు పెరిగాయన్న మాట లేదు. బీమా గురించి లేదు. న్యాయమూర్తుల్లో ఎవరెటు ఓటేశారో అప్పుడూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఫ్రాన్స్‌లో జడ్జీల మధ్య చర్చ రహస్యం. దాన్ని కాపాడతామని వాళ్లు ప్రమాణం చేస్తారు.

ఈ మౌనానికి చరిత్ర ఉంది. విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో పార్లమాలనే ఉన్నత న్యాయస్థానాలు ఉండేవి. ఆ పదవులు కొనుక్కునేవాళ్లు, వారసత్వంగా పొందేవాళ్లు. ఆ కోర్టులు తీర్పులకు కారణాలు చెప్పేవి కావు, పైగా సాధారణ నియమాలు జారీ చేసేవి, రాజు శాసనాలకు అడ్డుపడేవి. విప్లవకారులకు జడ్జీలంటే భయం, అనుమానం. 1790 ఆగస్టులో తీర్పులకు కారణాలు రాసి తీరాలని చట్టం చేశారు. అదే ఏడాది చివర్లో కాసేషన్ కోర్టుకు పూర్వరూపమైన సంస్థను పెట్టి, దాన్ని శాసనసభ పక్కన కాపలాదారుగా నిలబెట్టారు. సివిల్ కోడ్ 5వ అధికరణం జడ్జీలు సాధారణ నియమాలు చెయ్యకూడదని నిషేధించింది. 4వ అధికరణమేమో, చట్టం మౌనంగా ఉందన్న సాకుతో తీర్పు చెప్పకపోవడం నేరమంది. చట్టం చేయరాదు, చేయకుండా ఉండనూరాదు. ఫ్రెంచ్ జడ్జి చేతిపని అంతా ఈ రెండు అధికరణాల మధ్య ఇరుకులో పుట్టింది. కొత్త నియమాన్ని తెచ్చినా, పాత అధికరణాన్ని చదువుతున్నట్టే కనిపించాలి. వాక్యంలో ‘నేను’కు చోటు ఉండకూడదు.

అయితే కారణాలు మాయమైపోవు, ఇల్లు మారతాయి. జాందర్ కేసులో కోర్టు ముందు ప్రొక్యూరర్ జనరల్ పాల్ మాతెర్ సుదీర్ఘమైన అభిప్రాయం వినిపించారు. అది అచ్చయింది. తీర్పు రాగానే న్యాయ పత్రికల్లో దాని కిందే జార్జ్ రిపేర్, పాల్ ఎస్మెన్ లాంటి ఆచార్యులు వ్యాఖ్యలు రాశారు. తీర్పు చెప్పని చరిత్ర, దాని పర్యవసానాలు, దానిమీది అభ్యంతరాలు అన్నీ ఆ వ్యాఖ్యల్లో దొరుకుతాయి. ఫ్రెంచ్ న్యాయవిద్యార్థికి మూలం, వ్యాఖ్యానం కలిపి చదవడమే చదువు. సూత్రాన్ని భాష్యంతో కలిపి చదివిన సంప్రదాయం మనకూ ఉంది కాబట్టి ఇది తెలుగు పాఠకుడికి వెంటనే పట్టుబడుతుంది. వాహన ప్రమాదాలకు ఫ్రాన్స్ 1985 జులై 5న బాదింటేర్ పేరుతో పిలిచే ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. ఇతర వస్తువుల విషయంలో మాత్రం జాందర్ నియమం ఇప్పటికీ బతికే ఉంది. 2016 సవరణల తర్వాత అధికరణం సంఖ్య 1242 అయింది.

ఇక ఢిల్లీ. ఓలియం లీకైన నాటికి భోపాల్ గ్యాసు ఘోరం జరిగి ఏడాది నిండింది. శ్రీరామ్ కర్మాగారాన్ని జనావాసాల మధ్య నుంచి తరలించాలని ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన పిటిషన్ అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి తీర్పు రాశారు.

జాందర్ చదివిన కళ్లతో ఇది చదివితే ముందు దిక్కుతోచదు. నియమం ఎక్కడో చివర్న వస్తుంది. అంతకుముందు రాజ్యాంగం 32వ అధికరణం కింద కోర్టుకున్న అధికారాల పరిధి, ఉత్తరం రాసినా పిటిషన్‌గా తీసుకోవచ్చా అన్న చర్చ, ప్రైవేటు కంపెనీ మీద ప్రాథమిక హక్కులు పనిచేస్తాయా అన్న మరో పెద్ద చర్చ, అందులోకి అమెరికా కేసులు. ఆ చర్చను చాలా దూరం నడిపించి, భగవతి హఠాత్తుగా ఆపేస్తారు. వాదనలు డిసెంబర్ 15న ముగిశాయి, నాలుగు రోజుల్లో తీర్పు చెప్పాలి, ఇంత పెద్ద ప్రశ్నను లోతుగా ఆలోచించడానికి సమయం చాలలేదు, అందుకని తేల్చకుండా వదిలేస్తున్నామని తీర్పులోనే రాశారు. ఆయన పదవీ విరమణ ఆ రోజుల్లోనే. ఏ కాసేషన్ కోర్టు తీర్పులోనూ ఇలాంటి వాక్యం రావడానికి వీల్లేదు. దీన్ని లోపమని నేననుకోను. అధికారంలో ఉన్నవాడు తన పని ఎక్కడ అసంపూర్తిగా ఉందో గుర్తుపెట్టి చూపించడం, రాబోయేవాడికి చేసిన పెద్ద ఉపకారం.

తర్వాత అసలు ప్రశ్న. ఇంగ్లండులో 1868లో స్థిరపడిన రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ నియమం ముందుకొస్తుంది. నీ స్థలంలోకి ప్రమాదకరమైనది తెచ్చిపెట్టుకుంటే, అది తప్పించుకుని చేసిన నష్టానికి నువ్వే బాధ్యుడివన్నది నియమం. దానికి బోలెడు మినహాయింపులు: దైవికమైన విపత్తు, బయటివాళ్ల చర్య, బాధితుడి సమ్మతి, శాసనమిచ్చిన అనుమతి. భగవతి దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇది సైన్సు ఇంతగా పెరగని రోజుల్లో పుట్టిన నియమమనీ, ఇప్పటి పరిశ్రమల ప్రమాదాలకు సరిపోదనీ, కొత్త సమస్యలకు మన న్యాయశాస్త్రాన్ని మనమే నిర్మించుకోవాలనీ బాహాటంగా అంటారు. జాందర్ రాసినవాళ్లు మారుస్తున్నామని చెప్పకుండా మార్చారు. ఈయన మారుస్తున్నానని చాటి మార్చారు.

మార్చిన నియమం ఇది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపే సంస్థకు సమాజం పట్ల సంపూర్ణమైన, ఇంకొకరి మీదికి నెట్టలేని బాధ్యత ఉంది. నష్టం జరిగితే కట్టాల్సిందే. తగినన్ని జాగ్రత్తలు తీసుకున్నామనడం జవాబు కాదు. ఇంగ్లీషు నియమంలోని మినహాయింపులేవీ దీనికి వర్తించవు. దీనికి కారణాలు కూడా చెప్తారు. ప్రమాదాన్ని కనిపెట్టే పరిజ్ఞానం, నివారించే వనరులు సంస్థ దగ్గరే ఉంటాయి. వీధిలో గ్యాసు పీల్చినవాడు కర్మాగారం లోపల ఏ గొట్టంలో ఏం జరిగిందో ఎలా రుజువు చేస్తాడు? లాభం కోసం నడుపుతున్నప్పుడు ప్రమాదాల ఖర్చు కూడా ఆ వ్యాపారపు ఖర్చులో భాగమే. ఆపైన, పరిహారం సంస్థ శక్తిని బట్టి ఉండాలని, ఎంత పెద్ద సంస్థో అంత ఎక్కువ కట్టాలని ఒక మెట్టు ఎక్కుతారు. జాందర్ కేసులోని దుకాణం ఎంత పెద్దదన్న ప్రశ్న ఫ్రెంచ్ తీర్పుకు తట్టే అవకాశమే లేదు.

పారిస్ తీర్పు లాయర్లకూ జడ్జీలకూ రాసింది. ఢిల్లీ తీర్పులో గ్యాసు పీల్చినవాడు కూడా శ్రోత. వాదనలో వాడి కష్టం ఒక ఆధారంగా నిలబడింది. అన్నిటికంటే నాకు నచ్చేది ఇదే.

కానీ అతుకు పైకి కనిపించే పనికి ఒక చిక్కుంది: దాన్ని పట్టుకుని లాగొచ్చు. ఈ తీర్పులో చివరికి ఎవరికీ పరిహారం ఖరారు చెయ్యలేదు, బాధితులు తగిన కోర్టుకు వెళ్లడానికి దారి చూపారు. అలాంటప్పుడు కొత్త నియమం ఆ కేసుకు అవసరమైనదా, లేక దారిలో అన్న మాటా? 1991లో భోపాల్ పరిష్కారం మీద వచ్చిన తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రంగనాథ్ మిశ్రా, అది ప్రాసంగికంగా అన్న మాటే, కట్టుబడాల్సిన నియమం కాదన్నట్టు రాశారు. ఆయన 1986 ధర్మాసనంలో ఒకరు. తాను సంతకం పెట్టిన పనికే ఆయన సందేహం తగిలించారు.

దాన్ని సరిచేసిన చెయ్యి మనవాడిది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్ఛ్రీ గ్రామంలో హెచ్-యాసిడ్ తయారుచేసిన కర్మాగారాల వ్యర్థాలు నేలలోకి ఇంకి బావుల నీళ్లు రంగు మారిపోయాయి. ఆ కేసులో 1996 ఫిబ్రవరి 13న తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. జాందర్ తీర్పు తేదీ కూడా ఫిబ్రవరి 13 కావడం కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన 1986 తీర్పును మళ్లీ తెరిచి, ఆ నియమం ఆ కేసు పరిష్కారంలో భాగమేననీ, మిశ్రా మాట 1991 ధర్మాసనంలోని మిగతావారి అభిప్రాయం కాదనీ చూపి, మన దేశ పరిస్థితులకు తగిన నియమం ఇదేనని నిలబెట్టారు. అక్కడితో సందేహం తీరింది. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకై జనం చనిపోయినప్పుడు, న్యాయవాదుల నోట వెంటనే వచ్చింది 1986 నాటి ఈ నియమమే.

భగవతి రాశారు, మిశ్రా అనుమానించారు, జీవన్‌రెడ్డి నిలబెట్టారు. పదేళ్ల ఈ పని అంతా పేర్లతో, కారణాలతో అచ్చులో ఉంది. ఫ్రాన్స్‌లో 1896 నుంచి 1930 దాకా జరిగిన ఇలాంటి పనిలో జడ్జీల లోపలి తర్జనభర్జన ఏమిటో మనకు తెలిసే దారి లేదు.

మన పద్ధతిలో ఇంకో గొప్పతనం భిన్న తీర్పు. అది మనకు మొదటి నుంచీ ఉన్నది కాదు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ మనకు ఆఖరి కోర్టుగా ఉన్నంతకాలం తీర్పు ఒకే గొంతుతో, రాజుకిచ్చే సలహాగా వచ్చేది. పిఠాపురంతో ముడిపడిన హత్య కేసు, క్రిమినల్ లాయర్లందరికీ కంఠతా వచ్చిన పాకాల నారాయణస్వామి తీర్పు, 1939లో అలాగే వచ్చింది. అట్కిన్ ప్రభువు రాశారు, విభేదించినవాళ్లున్నారో లేదో తెలియదు. మన రాజ్యాంగం 145వ అధికరణం ఆ తలుపు తెరిచింది. మెజారిటీతో ఏకీభవించని న్యాయమూర్తి తన తీర్పు తాను చెప్పడానికి అడ్డు లేదని రాసిపెట్టింది.

ఆ తలుపులోంచి వచ్చిన పనుల్లో ఒకటి రాజమహేంద్రవరం మనిషిది. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు. పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టి, రాత్రిళ్లు తలుపు తడుతున్నారు. మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను కొట్టేసి, మిగతా నిఘాను నిలిపి, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. కోకా సుబ్బారావు, జె.సి. షా గారితో కలిసి, ఒప్పుకోలేదు. నిఘా నీడలో తిరిగేవాడి తిరుగుడును స్వేచ్ఛ అనలేమనీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ రాశారు. కొద్ది పేజీలే. అయినా మెజారిటీ తీర్పు కన్నా గట్టిగా అల్లినది, ఎందుకంటే హక్కుల్ని విడివిడి గదులుగా కాక ఒకదానికొకటి ఆనుకున్నవిగా చూసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, ఖరక్ సింగ్ మెజారిటీ మాట పక్కకు పోయి సుబ్బారావు మాట నిలిచింది. దాదాపు యాభై ఐదేళ్లు ఆ కాగితం ఓపిగ్గా ఎదురుచూసింది. ఫ్రాన్స్‌లో ఐతే ఆ కాగితం పుట్టేదే కాదు.

దీనికి మనం కడుతున్న మూల్యం కూడా చిన్నది కాదు. 1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పులో పదముగ్గురు న్యాయమూర్తులు పదకొండు తీర్పులు రాశారు. పేజీలు వందల్లో. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపు. హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్‌రెడ్డి ఆ ఏడుగురిలో ఒకరు. ఇంతకూ మెజారిటీ ఏమందో చెప్పడానికి ఒక చిన్న సారాంశం విడిగా తయారుచెయ్యాల్సి వచ్చింది, దాని మీద సంతకం పెట్టింది తొమ్మిదిమందే. దేశ రాజ్యాంగానికి వెన్నెముకలాంటి నియమం ఎక్కడుందో వెతుక్కోవాల్సి రావడం పనితనంలో లోపమే. ఈ మధ్య తీర్పుల్లో ఇరుపక్షాల వాదనలు, పాత తీర్పుల నుంచి పేజీలకు పేజీల ఉటంకింపులు పేరుకుపోతుంటే, నియమాన్ని ముందు పెట్టి వాస్తవాల్ని ఒక ముక్కలో చెప్పిన జాందర్ నిగ్రహం మన న్యాయమూర్తులకు పాఠంగా పెట్టదగ్గదనిపిస్తుంది. ఐనా రెంటిలో ఒకటే ఉంచుకోమంటే నేను మన పద్ధతే ఉంచుకుంటాను. పొడవును కత్తిరించవచ్చు. రాయని భిన్న తీర్పును తర్వాత ఎవరూ తెచ్చి చేర్చలేరు.

ఫ్రెంచివాళ్లూ తమ పనిముట్లను మార్చుకున్నారు. 2019 అక్టోబరు నుంచి కాసేషన్ కోర్టు ఆ ఏకవాక్యాన్ని వదిలేసింది. ‘అయినందున’ల వరస పోయింది. ఇప్పుడు తీర్పు మామూలు వాక్యాల్లో, సంఖ్యలున్న పేరాల్లో నడుస్తుంది: ముందు వాస్తవాలు, తర్వాత అప్పీలులోని వాదం, ఆపైన కోర్టు జవాబు. ముఖ్యమైన కేసుల్లో పాత తీర్పులను పేరుపెట్టి చెప్తోంది, వైఖరి మారుస్తుంటే ఎందుకో వివరిస్తోంది. జాందర్‌లో నిశ్శబ్దంగా జరిగిన ఆ మాట మార్పు ఇవాళ జరిగితే దానికో పేరా, ఆ పేరాకో సంఖ్య ఉంటాయి. ఓటు లెక్క, భిన్నాభిప్రాయం మాత్రం ఇప్పటికీ లేవు.

అదే 2019లో, జులైలో, మన సుప్రీంకోర్టు తన తీర్పుల అనువాదాలను ప్రాంతీయ భాషల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి విడత భాషల్లో తెలుగు ఉంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక కుటుంబ ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులో వెలువరించింది. హైకోర్టు తీర్పు వాక్యం తెలుగులో ఎలా నడవాలి, నియమం ఎక్కడ కూర్చోవాలి, కర్త నుంచి క్రియ దాకా ఎంత దూరం పోవచ్చు అన్న ప్రశ్నలు ఇప్పుడు మన భాష ముందుకొచ్చాయి. వాటికి జవాబులు ఇంకా కుదరాల్సి ఉంది. కుదిర్చేవాళ్లకు జాందర్ వాక్యమూ కావాలి, సుబ్బారావు భిన్న తీర్పూ కావాలి.